మధ్యలో స్తంభం లేని కారు

ఫోర్‌మన్ మీద పగ తీర్చుకోవడానికి నాకు మూడేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్ళు ఎందుకంటే, నేను తొందరపడితే చేసింది నేనని తెలిసిపోతుంది. నేను వేలు కూడా కదపకుండా వాడంతట వాడే మునగాలి, అదీ నలుగురి ముందు. అదొక్కటే కోరుకున్నాను.

దుబాయి దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో ఒక గ్యారేజీలో నేను డెంటర్‌ని. అంటే సొట్టలు తీసి, తలుపులు సరిచేసి, బండి ఒంటిని మళ్ళీ బండిలా చేసేవాణ్ణి. ఫోర్‌మన్ మా జగిత్యాల వైపు మనిషే. ఇద్దరం ఒకే రూములో ఉండేవాళ్ళం. అన్నా అని పిలిచేవాణ్ణి, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి జాడీ ముందు వాడి దగ్గరే పెట్టేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ పచ్చడి మీద కూడా కోపం వస్తుంది.

కరోనాకు కాస్త ముందు ఆ కారు వచ్చింది. అరవైల నాటి అమెరికా బండి. కింద సముద్రం రంగు, పైకప్పు మజ్జిగ రంగు, పొడవు చూస్తే మన కార్లు రెండు పడతాయి. మామూలు కారుకు ముందు తలుపుకూ వెనుక తలుపుకూ మధ్య ఒక స్తంభం ఉంటుంది. దీనికి అది లేదు. తలుపు మీద అద్దానికి చట్రమూ లేదు. నాలుగు అద్దాలు దించితే ముందు నుంచి వెనక దాకా అంతా ఒకే కిటికీ. ఎక్కిస్తే ముందు అద్దం అంచూ వెనుక అద్దం అంచూ గాలిలోనే ఒకదానికొకటి ఆనుకోవాలి. ఇలాంటివాటిని హార్డ్‌టాప్ అంటారు. వాటి పిచ్చి ఉన్నవాళ్ళు ఈ దేశంలో చాలామందే ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

కారు యజమాని ఇక్కడి అరబ్బు పెద్దాయన, ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మేమంతా బాబా అనేవాళ్ళం. ఆయన హిందీ మా అందరి హిందీ కన్నా బాగుంటుంది. ఈ ఊళ్ళో తారు రోడ్డు లేని రోజుల్లో వాళ్ళ నాన్న కొన్న కారట అది. చిన్నప్పుడు వెనక సీట్లో నిలబడి గాలికి నోరు తెరుచుకొని వెళ్ళేవాణ్ణని చెప్పి నవ్వేవాడు.

ఇంతలో అన్నీ మూసేశారు. ఫోర్‌మన్ లేబర్ క్యాంపులోని మా రూములోనే చిక్కుకుపోయాడు, నేను గ్యారేజీలో. వాచ్‌మన్ వండింది తింటూ నలభై రోజులు ఆ కారుతోనే ఉన్నాను. తుప్పు కోసేశాను, రేకు అతికాను, తలుపులు నిలబెట్టాను. అన్నీ లొంగాయి కానీ అద్దాలు లొంగలేదు. కారును లిఫ్ట్ మీద ఎత్తి చక్కగా కలిపేవాణ్ణి, కిందికి దించగానే తేడా వచ్చేది. వారం రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. లిఫ్ట్ కారును నడుము దగ్గర పట్టుకొని లేపితే ముందు కొసా వెనుక కొసా కిందికి వాలుతాయి. మధ్యలో స్తంభం లేదు కదా, పైన అద్దాల మధ్య సందు పెరుగుతుంది. నేల మీదికి దిగగానే ఆ సందు తగ్గిపోతుంది. కాబట్టి ఈ కారు అద్దాలు నేల మీదే కలపాలి. అది కూడా సీట్లలో మనుషులంత బరువున్న ఇసుక సంచులు పెట్టి కలపాలి. అలాగే చేశాను. సిగరెట్ పెట్టెలోని పలచటి కాగితం రెండు అద్దాల మధ్య పెడితే జారకుండా నిలిచింది. ఆ రోజు నేను ఒక్కణ్ణే ఆ వెనక సీట్లో కూర్చొని చాలాసేపు నవ్వుకున్నాను.

రోడ్లు తెరిచాక ఫోర్‌మన్ వచ్చాడు. వాడికి నడుం నొప్పి, వంగలేడు. ఏ పనైనా బండిని తన ఛాతీ ఎత్తుకు లేపుకొని నిలబడే చేస్తాడు. ఈ కారునూ లేపాడు. అద్దాల మధ్య సందు కనబడింది.

"ఏందిర గిది? ఏలు దూరుతాంది గదా!" అన్నాడు.

"అన్నా, లిఫ్ట్ మీద గట్లనే కనబడ్తది. కిందికి దించి చూడు. సరిగ్గనే ఉన్నది."

"నాకు నేర్పుతున్నవా? నువ్వు సుత్తె పట్టకముందు నేను ఈడ ముదీర్‌లకు, గీ మేనేజర్లకే, పని నేర్పిన."

పానా తీసుకొని వెనుక అద్దాన్ని ముందుకు జరిపి బిగించాడు. అద్దాలు పైకెత్తి ఉండగానే కారు దించాడు. చక్రాలు నేలకు ఆనాయో లేదో ఠాప్‌మని వెనుక ఎడమ అద్దం ఉప్పురాళ్ళలా సీటు మీద కురిసింది.

బాబా వచ్చినప్పుడు ఇద్దరం నిలబడి ఉన్నాం. ఎవరు పగలగొట్టారని అడిగాడు. ఫోర్‌మన్ క్షణం కూడా ఆలోచించలేదు, వేలు నా వైపు చూపించాడు. నేను నోరు తెరిచేలోపే, "కొత్తోడు బాబా, చెప్పినా వినలేదు," అని హిందీలో అందుకున్నాడు. బాబా నా వైపు తిరిగాడు.

"ఖలాస్," అన్నాడు. "ఈ మనిషి నా కారు దగ్గరికి పది అడుగుల లోపు రాకూడదు."

నన్ను వెనక షెడ్డులో లారీ క్యాబిన్ల పనికి పంపారు. నలభై రోజుల నా పనికి ఫోర్‌మన్ మేస్త్రీ అయ్యాడు. కారు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ వాడి ఫోటో పాత కార్ల వాళ్ళ గ్రూపులో తిరిగింది. వాళ్ళు వాణ్ణి మాస్టర్ అని పిలిచేవారట. ఆ ఫోటో వాడు రూములో అందరికీ చూపించాడు, నాకూ చూపించాడు. సిగ్గు లేనివాడు.

చిన్న చిన్న పగలు అప్పుడే మొదలుపెట్టాను. వంట వంతు నాదైన రోజు వాడి పప్పులోకి మిరపకాయలన్నీ ఏరి వేసేవాణ్ణి. ఏసీ రిమోట్ బ్యాటరీలు తీసి దాచేవాణ్ణి, వాడు రెండు వారాలు చెమటలు కక్కుతూ పడుకున్నాడు. అదే గదిలో నేనూ పడుకున్నానన్నది వేరే సంగతి. దాంతో కడుపు నిండలేదు. ఇంకో కంపెనీకి మారే అవకాశం కూడా వచ్చింది. వెళ్ళలేదు. వీడు మునిగేటప్పుడు నేను చూడాలి కదా.

బాబా స్నేహితుడెవరో అమెరికాలో ఒక పొలంలో పడి ఉన్న అలాంటి కారు నుంచి ఎడమ వెనుక అద్దం ఊడదీసి పంపాడు. చెక్కపెట్టెలో, గడ్డి చుట్టి వచ్చింది. ఇంకొకటి దొరకదని ముందే చెప్పాడట. ఫోర్‌మన్ దాన్ని భయంతో వేలు దూరేంత సందు వదిలి బిగించి, పాత బండ్లు ఇంతే బాబా అని సర్దిచెప్పాడు.

కానీ ఆ హార్డ్‌టాప్ వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి చలికాలం ఒక శనివారం పొద్దున సముద్రం పక్క మైదానంలో కార్లన్నీ నిలుపుతారు. నాలుగు అద్దాలూ దించి పెడతారు, స్తంభం లేదని అందరికీ కనబడాలని. వాళ్ళలో పెద్ద ఒకాయన వరసగా వస్తాడు. కారు చేసిన పనివాడు లోపల కూర్చొని అద్దాలు ఎక్కించాలి. ఆ పెద్దాయన రెండద్దాల మధ్య పలచటి కాగితం పెట్టి వదులుతాడు. నిలిస్తే చప్పట్లు, జారితే నవ్వులు. బాబా కారుకు మూడేళ్ళూ కాగితం జారింది. ఈ ఏడు నిలవాల్సిందేనని ఫోర్‌మన్‌కు గట్టిగా చెప్పాడు.

గురువారం ఫోర్‌మన్ కారును లిఫ్ట్ ఎక్కించాడు. నేను లారీ క్యాబిన్‌లో నుంచి చూస్తున్నాను. మళ్ళీ అదే పని, ఛాతీ ఎత్తున లేపి రెండు వైపులా వెనుక అద్దాలు ముందుకు జరిపి బిగించాడు. ఒక్క తెలివి మాత్రం వచ్చింది వాడికి. అద్దాలు దించేసి, ఆ తర్వాత కారు దించాడు. మొదటిసారి పగలడానికి కారణం అద్దాలు ఎత్తి ఉండడమే అనుకున్నాడు పాపం! అద్దాల అంచులకు వేసిన కొత్త రబ్బరుకు జిగురు పట్టాలని శనివారం దాకా అద్దాలు ముట్టుకోవద్దని అందరికీ చెప్పాడు. శనివారం అద్దం ఎక్కిస్తే ఏమవుతుందో ఆ గ్యారేజీలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

శుక్రవారం సెలవు. గ్యారేజీకి వెళ్ళాను. మూడేళ్ళ తర్వాత ఆ పది అడుగులు దాటాను. అమెరికా బండి బోల్టులకు అంగుళాల పానా కావాలి, నా సొంతది ఏడు బై పదహారు పానా జేబులో ఉంది. తలుపు అంచున రబ్బరు బిళ్ళ తీస్తే బోల్టు తల కనబడుతుంది. అటు పావు తిప్పు, ఇటు పావు తిప్పు, అంతే పని. అద్దం బతుకుతుంది, కాగితం నిలుస్తుంది, చప్పట్లు ఫోర్‌మన్‌కు పడతాయి. చప్పట్ల దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. జుమ్మా నమాజు ముగిసి రోడ్డు మీద కార్లు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ అద్దం గడ్డిలో పడుకొని అంత దూరం వచ్చిందని గుర్తొచ్చింది. బాబా వెనక సీట్లో నిలబడే కథ గుర్తొచ్చింది. వాడు నా వైపు చూపించిన వేలు కూడా గుర్తొచ్చింది. పానా మళ్ళీ జేబులో వేసుకున్నాను.

శనివారం నన్నూ రమ్మన్నాడు ఫోర్‌మన్. "దుమ్ము తుడువ మనిషి గావాలె, బట్ట పట్టుకొని రా. దూరం నిలబడు, బాబా చూస్తే తిడ్తడు," అన్నాడు. వెళ్ళాను. బట్ట పట్టుకొని పది అడుగుల దూరంలో నిలబడ్డాను. ముప్పై కార్ల దాకా ఉన్నాయి. తెల్లటి పొడుగు కందూరాలు వేసుకున్న పెద్దమనుషులు చిన్న కప్పుల్లో గహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగుతూ తిరుగుతున్నారు. నాకు మాత్రం పెళ్ళికి వచ్చినట్టుంది, అంత సంతోషం.

మా కారు వంతు వచ్చింది. బాబా చేత్తో దారి చూపించాడు. ఫోర్‌మన్ తల దువ్వుకొని ముందు సీట్లో కూర్చున్నాడు. ముందు తలుపుల అద్దాలు ఎక్కించాడు, బాగానే ఎక్కాయి. వెనక సీట్లోకి మారి ఎడమ వెనుక అద్దం పిడి తిప్పాడు. పైదాకా వచ్చి బిగిసింది. అందరూ చూస్తున్నారు, ఆపలేడు. గట్టిగా ఇంకో తిప్పు తిప్పాడు.

ఠాప్!

వాడి ఒళ్ళో, జుట్టులో, చొక్కా జేబులో గాజు. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. నా లోపల మూడేళ్ళుగా బిగిసిన ముడి ఒకటి విడిపోయింది. నవ్వు రాకుండా బట్ట నోటికి అడ్డం పెట్టుకున్నాను. వాడు గాజు దులుపుకుంటూ బయటికి వచ్చి మళ్ళీ అదే వేలు నా వైపు చూపించాడు.

"వాడే బాబా! నిన్న గ్యారేజీకి వచ్చిండట, వాచ్‌మన్ చెప్పిండు. ఏదో చేసిండు!" అని హిందీలో అరిచాడు.

ఈసారి బాబా ముందుగా కోపం తెచ్చుకోలేదు. నన్ను దగ్గరికి పిలిచాడు. ముట్టుకున్నావా అని అడిగాడు.

"లేదు బాబా. తలుపు కూడా తెరవలేదు."

అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు. మూడేళ్ళు ఆగింది అందుకే. తర్వాత అందరూ వినేలా లిఫ్ట్ సంగతి, నేల సంగతి, ఇసుక సంచుల సంగతి హిందీలో చెప్పాను. మొదటి అద్దం ఎవరు పగలగొట్టారో కూడా చెప్పాను. నమ్మకం లేకపోతే కుడి వైపు చూడండి, దాన్నీ అలాగే బిగించారన్నాను. జేబులో నుంచి పానా తీశాను. సీట్లోకి ఇద్దరిని ఎక్కించి, బోల్టులు వదులు చేసి, జరిపి, బిగించి, అద్దం మెల్లగా ఎక్కించాను. హార్డ్‌టాప్ వాళ్ళ పెద్దాయన కాగితం పెట్టి వదిలాడు. నిలిచింది.

చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు పడ్డ చప్పట్లు అవే. ఫోర్‌మన్ మొహం చూశాను, కడుపు నిండా చూశాను. ఏ మాత్రం జాలి కలగలేదు, ఇవాళ్టికీ కలగదు. ఆ నెలలోనే వాణ్ణి లారీ షెడ్డుకు పంపారు.

బాబా చప్పట్లు కొట్టలేదు. నా చేతిలోని పానా వంక చూస్తున్నాడు.

"ఇది ఎప్పటి నుంచి జేబులో ఉంది?" అని అడిగాడు.

"నిన్నటి నుంచి."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"గురువారం."

ఆయన వంగి సీటు మీద గాజు ముక్క ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గొంతు ఏమీ పెంచలేదు.

"ఉస్‌కో మాలూమ్ నహీ థా," అన్నాడు ఫోర్‌మన్‌ను చూపించి. "తుమ్‌కో మాలూమ్ థా."

వాడికి తెలియదు, నీకు తెలుసు. వాడు నాకు చేసింది చెప్పబోయాను, కానీ ఆ అద్దం నాకేమీ చెయ్యలేదు, ఆయనా నాకు చేసిందల్లా వాడి మాట నమ్మడమే.

ఇప్పుడు ఆ కారు పనంతా నాదే, ఇంకెవరికీ రాదు కాబట్టి. మూడు అద్దాలు నేను కలిపినట్టే ఉంటాయి. నాలుగోది దొరకలేదు, అక్కడ బాబా ఏదీ పెట్టనివ్వలేదు. చలికాలం మైదానానికి వెళ్ళినప్పుడు అద్దాలు ఎక్కించడానికి పనివాణ్ణి పిలవడు, ఆయనే కూర్చొని తిప్పుతాడు. నేను బట్ట పట్టుకొని పది అడుగుల దూరంలో నిలబడతాను. ఈసారి నన్నక్కడ నిలబెట్టింది ఫోర్‌మన్ కాదు, నేనే.