మా చేలో గ్యాసు పడిన సార్వా

మొన్న టీవీలో ఎవరో కోటు తొడుక్కున్నాయన, వరిచేలే లోకాన్ని వేడెక్కించేస్తున్నాయనీ, రైతుకి యూరియా చల్లడం కూడా చేతకాదనీ తేల్చి పారేస్తుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి అరుగు మీద పచార్లు చేసి, లోపలికొచ్చి, మళ్లీ వెళ్లి, చివరికి టీవీయే కట్టేశాను. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధమని కాదు నా కోపం. అందులో నిజమున్నంత మేరా మా చెల్లెలి కూతురు మా బురదలో దిగి ఏనాడో చెప్పింది, అదీ రైతుని తిట్టకుండా.

నేను బడికెళ్లింది ఐదో తరగతి దాకానే. తర్వాతి చదువంతా పకోడీల పొట్లాం కాగితాల దగ్గర్నుంచి ఆ మేనకోడలి పాత పుస్తకాల దాకా నాకు నేనుగా చదువుకున్నదే. ఆ పిల్ల శాస్త్రవేత్తగా కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఉప్పలగుప్తం అవతల మాకున్న ఎకరం చేను అడిగితే, కాదనడానికి నోరెలా వస్తుంది? మనం చల్లిన యూరియాలో వరి తినేదెంత, నీళ్లలో కలిసేదెంత, గ్యాసయి గాలికి లేచి లోకాన్ని వేడెక్కించేదెంత అన్నది ఆమె వెతుకులాట. చేలో ఇనప చట్రాలు పాతి, వాటి మీద గాజులా మెరిసే పెట్టెలు బోర్లించి, లోపలి గాలిని సూదిమందు సిరంజితో లాగి సీసాల్లో పట్టేది. ఆ తొలకరి సార్వా పంట పొడుగునా వేళ తప్పకుండా గాలి తీస్తేనే పని లెక్కకొస్తుందనీ, లేకపోతే ఆ ఉద్యోగంలో తనని ఉంచరనీ నాకొక్కడికే చెప్పింది.

వచ్చిన చిక్కల్లా ఒక్క మాటతో. ఎవరడిగినా, గ్యాసు కొలుస్తున్నామండీ అనేది. కోనసీమలో గ్యాసంటే ఏముంది, అయితే బావి తవ్వే రిగ్గు, లేకపోతే పైపులైను! నగరం అనే ఊరి వైపు పైపులు చూసొచ్చిన కళ్లాయె. వారం తిరక్కుండా మా చేలో గ్యాసు పడిందని ఊరంతా గట్టు మీదికొచ్చేసింది. రిగ్గు దిగితే చేలకి రేటొస్తుందని, చేను అమ్ముతారా అంటూ బేరగాళ్లు. ఇది యూరియా నుంచి పుట్టే గ్యాసురా నాయనా, దీన్నే నవ్వించే గ్యాసంటారని నేను టీకొట్టు దగ్గర విడమరిచి చెబితే, కొట్టతను గ్లాసు అందిస్తూ, "నవ్వించే గ్యాసు మీ చేలో అంత పడిందంటున్నారు, మరి మీ మొహంలో చుక్కయినా కనపడదేంటండీ?" అన్నాడు. కొట్టంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది.

ఒక ఉదయం వెళ్లేసరికి పెట్టెలన్నీ పంటబోదె నీళ్లలో తేలుతున్నాయి. చట్రాలు మాత్రం కదల్లేదు. మా గట్టు పక్క చేనాయన, వరసకి నాకు బావగారు, ఆయన పనేనని తెలిసిపోయింది. పైపు తన కొబ్బరితోటలోంచి పోతుందని ఆయన బెంగ. నేను కర్ర తీసుకుని బయల్దేరాను. మేనకోడలు నన్ను గట్టు మీదే ఆపి, తడిసిన పెట్టె ఒకటి చంకన పెట్టుకుని తనే ఆయన వాకిట్లోకి నడిచింది.

"పైపు రాదంటావా అమ్మా?"

"రాదండి పెదనాన్నగారూ."

"ఒట్టే?"

"ఒట్టండి."

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "అయితే... రిగ్గు కూడా రాదా?" అన్నారు.

"రాదండి."

"ఆయ్," అన్నారు నీరసంగా. "మరెందుకమ్మా ఈ అవస్థంతా!"

అని, పంచె ఎగ్గట్టి తనే బోదెలో దిగి పెట్టెలు ఏరారు. ఆ పూట గాలి ఆ పూటే దక్కింది. పంట కోసేదాకా ఆయనే కాపలా కాసి, గట్టెక్కినవాణ్ణల్లా కేకలేసి దింపేశారు. మేనకోడలి ఉద్యోగం నిలబడింది. తర్వాత ఆమె ఎన్ని రాష్ట్రాల వరిచేలలో పెట్టెలు బోర్లించిందో నాకే తెలీదు.

ఇప్పుడామెకి రిటైరయ్యే వేళ దగ్గరపడింది. మొదలుపెట్టిన చేలోనే ఇంకొక్క సార్వా గాలి పట్టి, అప్పటికీ ఇప్పటికీ తేడా చూడాలని ఉందట. ఫోనులో, "మావయ్యా, అందులో ఇంకా వరే ఉందా?" అంది. ఉందమ్మా అన్నాను. చుట్టూ రొయ్యల చెరువులేనని, బావగారు పోయాక ఆయన చేనూ తవ్వేశారని, చెరువుల ఉప్పునీళ్లు ఊరి మన వరి గట్టు వారన ఎర్రబడుతోందని, లీజుకిమ్మని చెరువులవాళ్లు రోజూ నా అరుగెక్కి కూర్చుంటున్నారని చెప్పలేదు. ఆ పిల్ల వచ్చి వెళ్లేదాకా ఇవ్వనని వాళ్లకి చెప్పాను. అప్పటినుంచీ పొద్దున్నా సాయంత్రమూ వెళ్లి చేను చూసుకోందే నాకు కాలు నిలవదు.

ఆ సార్వాకి మా చేలో లేని గ్యాసు పడిందని ఊరంతా గట్టెక్కింది. ఇప్పుడు ఉన్న చేనే పోతుంటే, ఎక్కి చూసేవాడు లేడు, ఎక్కొద్దని అరిచే బావగారూ లేరు.