వాయిదా కట్టిన ఆదివారాలు

మొన్న విశాఖపట్నంలో మా ఆవిడతో కలిసి టిఫినుకని ఒక హోటలుకి వెళ్ళాను. కిటికీ పక్కన, సముద్రం కనిపించే బల్ల ఖాళీగా ఉండగానే నేను తిన్నగా నడుచుకుంటూ పోయి, చేతులు కడుక్కునే కుళాయి పక్కన, గుమ్మానికి వీపు పెట్టి గోడకేసి కూచున్నాను. పెళ్ళయిన రెండేళ్ళలో ఎప్పుడూ ఏమీ అనని మా ఆవిడ ఆవేళ మాత్రం, గోడలో ఏమైనా కనిపిస్తోందా అని అడిగింది. ఏదో సర్దిచెప్పి ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకున్నాను గాని, నిజానికి దాన్ని కూచోవడం అనరు, దాక్కోవడం అంటారు. ఆ విద్య నాకు ఇరవయ్యో ఏట అబ్బింది. నా ఈడువాళ్ళకి జ్ఞాపకాలు రాసుకునే వయసు ఇంకా రాలేదని నాకూ తెలుసు. అయితే మెట్లెక్కుతుంటే మోకాళ్ళు అప్పుడే చప్పుడు చేస్తున్నాయి కనక, ఆ హక్కు కాస్త ముందుగా తీసుకుంటున్నాను.

మాది నరసన్నపేటలో స్టీలు సామాన్ల కొట్టు. రాష్ట్రం రెండయిన మరుసటేడు మా వైపు వరి పండే మడి ప్రతీదీ రాత్రికి రాత్రి ప్లాటు అయిపోయింది. బిందెలూ గంగాళాలూ తప్ప పుట్టి బుద్ధెరిగి ఇంకేదీ కొనని నాన్న, ఎచ్చెర్ల అవతల రెండు ప్లాట్లు కొన్నారు. ఎండాకాలంలో చూపించారు, ఎండాకాలంలోనే రాయించుకున్నారు. వానలు పడ్డాక వెళ్ళి చూస్తే మా ప్లాట్లలో బాతులు ఈదుతున్నాయి. హద్దురాళ్ళు మాత్రం చాలా గట్టివి, నీళ్ళలోంచి తలలు పైకెత్తి మమ్మల్నే చూస్తున్నాయి. అమ్మినవాడి ఫోను అప్పటికే పలకడం మానేసింది.

ఆ ప్లాట్లకి అప్పిచ్చింది మిల్లు తాతయ్య. ఆయన నాన్నకి మేనమామ వరస, పేట శివార్లో రైసుమిల్లు ఆయనది. మా కొట్టు కాగితాలు ఆయన బీరువాలోకి వెళ్ళాయి. నెలనెలా మొదటివారంలో వాయిదా కట్టాలి, రెండు వాయిదాలు వరసగా తప్పితే కొట్టు ఆయనది అని కాగితం మీద ఉంది. నాన్న మీద ఆయనకి నమ్మకం పోయినా కొట్టు ఆయనదే అన్నది కాగితం మీద లేదు. అందుకే దానికే ఎక్కువ భయపడేవాళ్ళం. ఆ కొట్టు పోతే మా నలుగురికీ వేరే ఏ పనీ రాదు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు, నాకు వచ్చిన పనల్లా జోకులు వెయ్యడం, దానికి మా ఊళ్ళో ఎవరూ జీతం ఇవ్వరు.

అప్పున్నవాడు అప్పున్నవాడిలాగే కనపడాలి అన్నది నాన్న సిద్ధాంతం. బీరువాలో మంచి చొక్కాలున్నా మెడ చిరిగినది వేసుకుని గల్లా దగ్గర కూచునేవారు. పాలు మానిపించారు, పేపరు మానిపించారు, పదో తరగతి చెల్లికి ట్యూషను మానిపించారు. అమ్మ గొలుసు అమ్మకానికి పోయింది. మా కష్టం కళ్ళారా చూస్తే మావయ్య మనసు కరిగి, ఎప్పుడైనా ఒక వాయిదా ఆలస్యమైనా ఊరుకుంటాడని నాన్న ఆశ. ఆ రోజుల్లో మా ఇంట్లో దరిద్రం కొంత నిజం, కొంత ప్రదర్శన; ఎంత నిజమో ఎంత ప్రదర్శనో చివరికి మాకే తెలియకుండా పోయింది.

నాలుగు నెలలు అలా గడిచాక అమ్మ తిరగబడింది. వాయిదా కట్టిన వారం ఆదివారం నలుగురం కలిసి ఏదో ఒకటి నోటికి రుచిగా తినాల్సిందేననీ, లేకపోతే అప్పు తీరేసరికి తీర్చినవాళ్ళెవరూ మిగలరనీ తేల్చి చెప్పింది. నాన్న ఒప్పుకున్నారు గాని ఒక్కటే చిక్కు: పేటలో ఎవరింట్లో పోపు పెడితే ఎవరికి తుమ్ము వస్తుందో ఊరందరికీ తెలుసు. చేసిన అప్పుతో దోసెలు తింటున్నారన్న మాట మిల్లు చేరడానికి అయిదు నిమిషాలు చాలు. అందుకని శ్రీకాకుళం వెళ్ళి తినాలని తీర్మానించారు. ఎందుకెళ్తున్నారని అడిగితే అరసవల్లిలో మొక్కుందని చెప్పే ఏర్పాటు నాది.

ఆ అబద్ధానికి మేం చాలా కష్టపడ్డాం. ఊళ్ళోవాళ్ళు ప్రసాదం అడుగుతారు కనక నిజంగానే వెళ్ళి దర్శనం చేసుకోవాలి. ధర్మదర్శనం వరసలో రెండు గంటలు నిలబడి, సూర్యభగవానుడికి ఎదురుగా దోసె గురించి ఆలోచించి, ప్రసాదం సంచిలో వేసుకుని, అప్పుడు శ్రీకాకుళం బస్టాండు దగ్గర ఒక హోటల్లో లోపలి బల్ల దగ్గర గోడకేసి కూచునేవాళ్ళం. రెండు మసాలా దోసెలు నలుగురికి. ఒక బాదంపాలు, నాలుగు ఖాళీ గ్లాసులు. సాంబారు మాత్రం ఎన్నిసార్లు అడిగినా పోస్తారు కనక, నాన్న అడుగుతూనే ఉండేవారు. మూడు నెలల్లో మా కుటుంబానికి పేటలో మహా భక్తులన్న పేరొచ్చింది. ఎదురు బట్టల కొట్టాయన నన్ను చూసి దండం పెట్టడం కూడా మొదలుపెట్టాడు.

నాలుగో ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, ఎవరో తెలియని మనిషి మా కొట్టుకి ఎదురుగా నిలబడి, బోర్డు చదివి, అటు గోడా ఇటు గోడా చూసి, ఏదో కాగితం మీద రాసుకుని వెళ్ళిపోయాడు. నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వాయిదాలన్నీ కట్టాం కదా, ఎందుకు రాసుకున్నట్టు? ఆదివారం ప్రయాణం వద్దన్నారు. కట్టిన వాయిదా కట్టినట్టే, తినే దోసె తిన్నట్టే అని అమ్మ బయల్దేరదీసింది.

హోటల్లో నాన్న నాలుగోసారి సాంబారు అడిగినప్పుడు చెల్లి నా మోచెయ్యి గిల్లింది.

"అన్నియ్యా, తిరగకు. మిల్లు తాతయ్య."

తిరగకు అంటే ఎవరైనా తిరుగుతారు. కర్ర పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో పక్కకి ఒరుగుతూ, ఆయన సరాసరి మా బల్ల దగ్గరికే వస్తున్నారు. నాన్న దోసె ముక్క చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డారు.

"ఏటి అల్లుడూ, దర్శనం అయిపోనాదా?"

"అయిపోనాది మావయ్యా."

"సాంబారు బాగున్నాదా?"

"బా... బాగున్నాది."

"మంచిది. కూకో. సల్లారిపోతాది."

అంతే. అవతల మూల కూచుని, ఒక కాఫీ తాగి, మళ్ళీ మావైపు చూడకుండా వెళ్ళిపోయారు. మేం బిల్లు అడిగితే, ఆ పెద్దాయన ఇచ్చేశారని చెప్పాడు సర్వరు. తిరుగు బస్సులో, పేట పొలిమేర దగ్గర, నాన్న నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు.

"మన బిల్లు ఆయనిచ్చేడంటే ఏటర్థం? ఇంక నీ దగ్గర పుచ్చుకునేదేటీ లేదు, లాక్కునేదే అని."

"అలాగైతే ఇంకో రెండు దోసెలు సెప్పాల్సింది," అన్నాను.

"ఒరే, నోరు మూసుకో," అంది అమ్మ. నాన్న తిట్టలేదు. ఇరవయ్యేళ్ళలో నా జోకుకి ఆయన తిట్టకపోవడం అదే మొదలు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

సోమవారం మిల్లు గుమస్తా గుమ్మంలోకి వచ్చేసరికి నాన్న చేతిలోంచి పళ్ళెం జారింది. స్టీలు కొట్లో ఏది పడినా సగం ఊరికి వినిపిస్తుంది. అతనికి కావలసింది టిఫిను డబ్బా. మంగళవారం అమ్మ మిగిలిన రెండు గాజులూ తీసి గల్లా మీద పెట్టింది. బుధవారం పొద్దున్న నాన్న, ఆయన అడిగి తీసుకునే కంటే మనమే ఇచ్చేస్తే కాస్త పరువైనా దక్కుతుందని, కొట్టు తాళాలు జేబులో వేసుకుని నన్ను వెంటబెట్టుకుని మిల్లుకి నడిచారు.

తాతయ్య బియ్యం బస్తాల పక్కన మంచం మీద కూచుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. నాన్న తాళాలు ఆయన ముందు పెట్టారు.

"ఇవేటి? నా మిల్లుకి తాళాల్లేవనుకున్నావేటి?"

"ఆదివారం మీరు సూసేరు కద మావయ్యా..."

"సూసేను. సూడ్డానికే వచ్చేను." తలగడ కింద నుంచి మడతపెట్టిన కాగితం తీశారు. "ఇదీ సూడు. సోమవారం నీకు రావాల్సిన నోటీసు. శుక్రవారం మనిషిని పంపించి హద్దులు కూడా రాయించేను."

"వాయిదాలు కడతన్నాను కద!"

"కడతన్నావు. పాలు మానీసేవు. పేపరు మానీసేవు. కోడలి మెళ్ళో గొలుసు లేదు. నెలనెలా ఇంటికి తాళం ఏసి, సంచులట్టుకుని, పెళ్ళాం పిల్లల్తో బస్సెక్కుతన్నావు. నానేటనుకోవాలి? సామాను కొంచెం కొంచెం దాటించీసి, ప్లీడర్ని కలిసి ఐపీ పెట్టీస్తన్నాడనుకున్నాను."

ఐపీ అంటే మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో దెయ్యం పేరు కంటే చెడ్డ మాట. దివాలా తీశానని కోర్టులో కాగితం పడేసి చేతులెత్తేయడం.

"ఇద్దరు నాకు అలాగే ఎగ్గొట్టేరురా. ఇద్దరూ ముందు పాలే మానీసేరు. అందుకే నువ్వు ఏ ప్లీడరు గుమ్మం తొక్కుతావో పట్టుకుందారని నీ ఎనకాల బస్సెక్కేను. నువ్వు గుళ్ళోకి దూరేవు. రెండు గంటలు లైన్లో నిలబడ్డాను, ఈ కాళ్ళతో! నీ పుణ్యవా అని దర్శనమైనా అయిపోనాది." ఆయన నూనె చేతిని తువ్వాలుకి తుడుచుకున్నారు. "తీరా సూస్తే రెండు దోసెలు నలుగురు తింటన్నారు. నాలుగుసార్లు సాంబారు అడిగేవు. పారిపోయేవోడు అలా తింటాడేట్రా? అప్పుడే తెలిసిపోనాది, నువ్వు ఎక్కడికీ ఎల్లవని."

తాతయ్య నోటీసు చింపేస్తారేమోనని నేను చూశాను. అలాంటివి ఆయన దగ్గర లేవు. మళ్ళీ మడతపెట్టి తలగడ కిందే పెట్టుకున్నారు.

"ఇది ఇక్కడే ఉంటాది. ఆ తాళాలు తియ్యి. ఇంట్లో మళ్ళీ పాలు ఎయ్యించు. ఇకనుంచి తిన్నదేదో పేటలోనే తిను, నాకు కనపడేటట్టు. నెలనెలా నాను బస్సెక్కలేను."

లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచారు.

"అల్లుడూ, ఆ దోసెల డబ్బులు ఉట్టినే ఇచ్చేననుకుంటన్నావేటి? పద్దు రాసేను."

బయటికొచ్చి నాన్న మిల్లు గోడ పక్కన కూలబడ్డారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఊకదుమ్ములో నాకు సరిగ్గా కనిపించలేదు, కనిపించనట్టే ఉండిపోయాను.

ఆ తరవాత అంతా సుఖమే అనుకునేరు. మూడేళ్ళపాటు వాయిదా కట్టిన ప్రతి ఆదివారం పేట బస్టాండు ఎదురుగా హోటల్లో, రోడ్డు మీదికి కనిపించే బల్ల దగ్గర కూచుని తినాల్సి వచ్చింది. వెళ్ళకపోతే మిల్లులో అనుమానం. ఒక నెల కొట్లో బేరాలే లేవు, వాయిదాకి గాజులు పోయాయి, చెల్లికి జ్వరం. అయినా వెళ్ళాం. నలుగురం ఒక ప్లేటు ఇడ్లీ ముందు పెట్టుకుని, రోడ్డున పోయేవాళ్ళకి సంతోషంగా కనపడటానికి కూచున్నాం. చెల్లి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ నవ్వుమొహం పెట్టుకుని, పెదాలు కదపకుండా, ముక్క ముక్కగా తినండి, కాసేపు కనపడాలి అంది. తిన్న తిళ్ళన్నిటిలోనూ గొంతు దిగనిది ఆ ఇడ్లీ ఒక్కటే. రోడ్డుకి అవతల రిక్షాలో కూచుని తాతయ్య కాసేపు చూసి, తల ఊపి, వెళ్ళిపోయారు. మరుసటి వాయిదా పది రోజులు ఆలస్యమైతే అడగలేదు.

అప్పు తీరింది. కాగితాలతో పాటు ఆ నోటీసు కూడా తిరిగి ఇచ్చారు, దోసెల పద్దు కొట్టేసి. కొట్టు ఇప్పటికీ ఉంది, నాన్నే చూసుకుంటున్నారు. తాతయ్య పోయి మూడేళ్ళయింది. మిల్లు షెడ్డులో ఇప్పుడు ఎవరివో పార్సిళ్ళు దించుకుంటున్నారు.

ఇప్పుడు నాకూ అప్పుంది, ఇంటి మీద. ఎవరిచ్చారో మొహం తెలియదు. వాయిదా రోజున ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోతుంది. నేను పాలు మానేసినా, పూటకో బిర్యానీ తిన్నా, వాళ్ళకి పట్టదు. హాయిగానే ఉంది, కాదనను. ఎవరికీ కనపడకుండా తినొచ్చు, ఎవరికీ కనపడకుండా పస్తుండొచ్చు. అరిగిపోయిన మోకాళ్ళతో ఒక ముసలాయన బస్సులో నిలబడి, వరసలో నిలబడి, మేం నలుగురం ఏం తింటున్నామో చూడ్డానికి అంతదూరం వచ్చాడు. ప్రేమతో వచ్చాడని నేను చెప్పను, ఆయన వింటే పద్దు రాస్తాడు. అనుమానంతోనే వచ్చాడు. కానీ వచ్చాడు.