లప్పం కింద రివెట్లు

మొన్న ఖమ్మంలో నేనెక్కిన ఆటోకు కాళ్ల దగ్గరి రేకు ఊడి చప్పుడు చేస్తుంటే, డ్రైవర్ ఒక దుకాణం ముందు ఆపాడు. మెకానిక్ చేతిమిషన్‌తో, రేకును బిగించే పాప్ రివెట్ పెట్టి నొక్కాడు. టక్కుమంది. రివెట్ తల నడుమ చిన్న బెజ్జం మిగిలింది. "ఐపోయింది సార్, కూసోండి" అన్నాడు. కూర్చున్నాను గానీ, దిగేదాకా ఆ బెజ్జం మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

మా అక్క భర్త, అంటే మా బావ, టేకులపల్లిలో పత్తి నిల్వచేసే షెడ్డులో ఇద్దరు పట్టే చిన్న విమానం కట్టాడు. అప్పట్లో మేమిద్దరం కట్టామనే చెప్పుకునేవాణ్ణి. చూడవచ్చినవాళ్లు "దీని కింద కోళ్లను కమ్ముతరా ఏంది?" అని నవ్వేవారు. పనిముట్లు బావవి, పుస్తకాలు నావి. నేను పదో తరగతి దాటలేదు. ఖమ్మం లైబ్రరీలో డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, విమానాల ఇంగ్లిష్ పుస్తకాన్ని వాక్యం వాక్యం కూడబలుక్కుని చదివాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

నేను చదివి బావకు అప్పజెప్పింది ఇది. విమానం ఎక్కే మెట్టు మీద మనిషి బరువంతా ఒక్క పాదంలో పడి, ప్రతిసారీ రేకును లాగుతుంది. పాప్ రివెట్‌ను ఒక్కడే బయట నిలబడి వేసుకోవచ్చు, కానీ అది లోపల బోలు. మెట్టుకు గట్టి రివెట్ కావాలి, దానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు కొడుతుంటే లోపల ఒకరు రివెట్ రెండో కొసకు ఇనుపదిమ్మె ఆనించి పట్టుకోవాలి. సన్నగా ఉన్నందుకు లోపలి ఉద్యోగం నాది. తోకవైపు దూరి, చెమటా అల్యూమినియం పొడీ కలిసిన వాసనలో వెల్లకిలా పడుకునేవాణ్ణి. బావ రేకు మీద వేలితో తట్టేవాడు. దిమ్మె ఆనించాక నేను తిరిగి తట్టేవాణ్ణి. ఆ జవాబు వినకుండా ఆయన ఎన్నడూ సుత్తి ఎత్తలేదు. ఒకరి మొహం ఒకరికి కనపడని ఆ పనిలో ఉన్నంత నమ్మకం నేను ఇంకెక్కడా ఎరగను.

మెట్టు బిగించాల్సిన రోజుల్లోనే మా మేనత్తకు తుంటి విరిగి, నేను వేంసూరు పోవాల్సి వచ్చింది.

"నేనొచ్చేదాంక మెట్టు ముట్టకు బావా."

"నువ్వు లేకుంటే దిమ్మె ఎవడు పడ్తడురా? జల్దీ పోయిరా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి మెట్టు బిగించి, రంగు కూడా వేసి ఉంది. "మా తమ్ముడు లోపలికి దూరిండు, గట్టి రివెట్లే" అన్నాడు బావ. వేలితో తడిమి చూశాను. తలలు నున్నగా ఉన్నాయి. కొంచెం ఉడుక్కున్నాను గానీ నమ్మాను.

మా ఇళ్లలో కొత్త బండి తెస్తే, నడిపేముందు పాస్టరుగారితో ప్రార్థన చేయిస్తాం. విమానానికీ చేయించాం. ఎగరడానికి అనుమతి ఇంకా రాలేదు. ఆ రోజు చేను పక్క బాటమీద నడపడమే. బావ లేచి సాక్ష్యం చెప్పాడు: "దేవునికి స్తోత్రం. మా బామ్మర్ది చదివి చెప్పిండు, నేను చేసిన. మెట్టు కాడ కూడ ఆయన చెప్పిన గట్టి రివెట్లే వేసినం." అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

మొదట అక్కను ఎక్కమన్నారు. అక్క కొంగు దోపుకుని మెట్టు మీద పాదం మోపింది. రేకు కిర్రుమంది. ఒక రివెట్ తల మీద రంగు చిట్లి, గోడల గుంతలు పూడ్చే తెల్లటి లప్పం పెచ్చులా రాలింది. దాని కింద బెజ్జం.

"దిగు అక్కా" అన్నాను.

"ఏందిరా, గంత బరువున్ననా?" అని నవ్వింది. చెయ్యి పట్టి దింపాను.

అందరూ చాయ్ కోసం లేచాక బావను అడిగాను. "దిమ్మె ఎవరు పట్టుకున్నరు?"

"ఎవరూ లేరు. ఒక్కణ్ణే పాప్ రివెట్లు కొట్టిన. నీకోసం ఎన్ని దినాలు కూసోవాలె?"

"వేస్తే వేసినవ్. లప్పం ఎందుకు పెట్టినవ్?"

"నువ్ జూస్తే మళ్ల పుస్తకం దెస్తవని."

నవ్వుతూనే అన్నాడు. ఒక్కో బెజ్జాన్నీ పూడ్చి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పైన రంగు వేసిన ఆ ఓపికంతా నా ఒక్కడి కళ్లకోసం. నేను తిరిగొచ్చాక ఇద్దరం కలిసి గట్టి రివెట్లు కొట్టినా అంత పని ఉండేది కాదు.

తర్వాత ఆ మెట్టు ఊడదీసి మళ్లీ బిగించారని అక్క చెప్పింది. ఈసారి లోపల దిమ్మె ఎవరు పట్టుకున్నారో నేను అడగలేదు. బావ ఇప్పటికీ వస్తాడు, పక్కన కూర్చుని నా ప్లేట్లో మాంసం ముక్కలు వేయిస్తాడు. కోపం పలచబడింది. కానీ ఎక్కడైనా ఎవరైనా రేకు మీద తడితే, జవాబు తట్టబోయి నా వేలు గాలిలో ఆగిపోతుంది. ఇన్నేళ్లలో కాలం నా మనసుకు ఎన్నో సర్దిచెప్పింది, ఆ వేలికి మాత్రం ఇంకా చెప్పలేకపోయింది.