పుల్లీ మీద బొట్టు

పరదేశి అనగానే నాకు కళ్ళు మూసుకున్న అతని ముఖమే గుర్తొస్తుంది. చోడవరంలో అనకాపల్లి రోడ్డు మీద, బెల్లం వండే పాకలు దాటాక, అతని రేకుల షెడ్డు ఉండేది. బస్సయినా లారీ అయినా ఇంజను స్టార్టు చేసి, ఇనప చువ్వ ఒక కొస ఇంజనుకీ రెండో కొస చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడిపోయేవాడు. బెల్లం పొగ వచ్చి షెడ్డంతా కమ్ముకునేది. ఎంత పిలిచినా పలికేవాడు కాదు. ఆ కాసేపూ అతను ఈ లోకంలో ఉండేవాడు కాదు.

నా పేరు కామేశం. చోడవరం కోర్టులో ప్లీడరుని. కేసులు తక్కువ, కారు పిచ్చి ఎక్కువ. యాభై మూడులో ఒక దొర సొంత దేశానికి ఓడెక్కుతూ విశాఖలో అమ్మేసిన రెండు సీట్ల రేసు కారు కొన్నాను. ఇంట్లో వారం రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. నాకదే హాయిగా ఉంది, ఆ వారమంతా పరదేశి షెడ్డులోనే గడిపాను.

టైమింగు అంటే ఏమిటో నాకు చెప్పింది అతనే.

"ఉయ్యాల ఊపడం సూసేరా బాబూ? అది ఎనక్కొస్తన్నప్పుడే తోసేరనుకోండి, సెయ్యి నొప్పెడతాది. ఆలీసంగా తోసేరా, ఊపుండదు. ఇంజనూ అంతే. పిస్టను పైకొచ్చే ముందర, ఇంతే ఇంత ముందర, నిప్పురవ్వ పడాల. మరీ ముందు పడితే ఇంజను పళ్ళు కొరుకుతాది. ఆలీసమైతే బద్దకిస్తాది."

ఎంత ముందర అన్నది తెలియడానికి, ఇంజను ముందు తిరిగే చక్రం, పుల్లీ, అంచున చిన్న గాటు ఉంటుంది. అది చూసి రవ్వ పడే సమయం సరిచేయాలి. అయితే గాటుతో అయ్యేది సగం పనేననీ, మిగతా సగం చెవితోననీ అతను అనేవాడు.

యాభై అయిదు దసరా నాటికి నా కారు నీరసపడింది. విశాఖలో ఎవరో పెద్ద షెడ్డువాళ్ళు మీటర్లు పెట్టి చూస్తామన్నారు. నాకు ఆశ పుట్టింది.

"మాడుగుల అవతల కొండమీది ఘాటురోడ్డు ఫస్టు గేరు ముట్టకుండా ఎక్కించు పరదేశీ. లేదంటే కారు విశాఖ పంపించేస్తాను" అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. అతని ముఖం నల్లబడింది. నా కారు పోతే రేపు బస్సులవాళ్ళూ అదే దారి పడతారు. ఆ షెడ్డు తప్ప అతనికి వేరే బతుకు లేదు.

దసరాకి అతని భార్య నూకరత్నం షెడ్డులో పానాలకీ సుత్తులకీ ఇంజన్లకీ పసుపు రాసి బొట్లు పెట్టేది. పుల్లీ మీద గాటు దగ్గరే బొట్టు పెట్టమని పెళ్ళయిన కొత్తలోనే నేర్పాడట పరదేశి. "అదే దీని నుదురు" అనేవాడట. పండగ బొట్టు తుడవకూడదు, దానంతటదే పోవాలి. అందుకని ఏటా ఆ బొట్టునే గాటుగా చూసుకుని పని చేసేవాడు. ఆ ఏడు నా కారుకీ అలాగే చేశాడు. చువ్వని మాత్రం చెవికి ఆనించకుండా పళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకున్నాను. ప్లీడరుని కదా, అడిగి నిలదీయడమే గాని చూసి గ్రహించడం నాకు చేతకాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. చెరుకు తోటల మీద పల్చగా మంచు పట్టి ఉంది. దూరాన కొండలు కనబడీ కనబడనట్టున్నాయి. ఎత్తు మొదలయ్యేసరికి ఇంజను, రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు గలగలమంది. పక్కకి చూశాను. పరదేశి మబ్బుల్ని చూస్తూ నవ్వుతున్నాడు.

"ఎలగుంది బాబూ? ఈణ మోగినట్టు నేదూ?"

"బాగుంది" అన్నాను. కోర్టులో ఎన్నో అబద్ధాలాడినవాణ్ణి, ఆ ఒక్కటి మాత్రం సరిగ్గా ఆడలేకపోయాను. వాన వచ్చేలా ఉందని సైగ చేసి కారు వెనక్కి తిప్పేశాను.

షెడ్డు ముందున్న ఎత్తు ఎక్కుతుండగానే నూకరత్నం వంటపాకలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ఇది పళ్ళు కొరకతంది బాబూ!" అంది నాతో. తర్వాత వెళ్ళి మొగుడి ఎదురుగా నిలబడి, తన పళ్ళు కొరికి చూపించింది. అతను తల దించుకున్నాడు.

"ఏడాది బట్టి తగ్గిపోతా వొచ్చింది బాబూ, ఈయనకిప్పుడు ఇనపడదు" అంది నెమ్మదిగా. "సువ్వ పళ్ళకెట్టి అదురు సూసుకుంటన్నాడు. ఎవులికీ సెప్పొద్దన్నాడు."

ఇంజను మూత ఎత్తి పుల్లీ చూసిందో లేదో ఏడ్చేసింది.

"గాటు కిందకెల్లిపోయి ఉండిపోనాది మావా. సెయ్యి అందలేదు. అందిన కాడ బొట్టెట్టేసేను."

ఆ మాటలు అతనికి చేరలేదు గాని ఆమె వేలు చూపించిన చోటు చూశాడు. భుజం మీది గుడ్డతో పండగ బొట్టు తుడిచేశాడు. అసలు గాటు వెతికి సరిచేసి, ఇంజను స్టార్టు చేయమని నాకు సైగ చేశాడు. ఈసారి వినడానికి నూకరత్నం నిలబడింది. ఆమె అరచెయ్యి కాస్త పైకి లేస్తే అతను రవ్వని పంచే డిస్ట్రిబ్యూటరు కాస్త ఇటు తిప్పాడు, కిందికి దిగితే అటు తిప్పాడు. చివరికి ఆమె చాలన్నట్టు పిడికిలి బిగించింది. ఇరవై ఏళ్ళుగా పక్కపాకలో వంట చేస్తూ ఆమె విన్నదంతా ఇంజన్లనే కదా!

మర్నాడు రెండు సీట్ల కారులో ముగ్గురం ఇరుక్కుని వెళ్ళాం. ఊరు ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ. ఘాటురోడ్డు మలుపుల్లో ఫస్టు గేరు ముట్టాల్సిన పనే లేకపోయింది. మబ్బు కిందికి దిగి మమ్మల్ని కప్పేసింది. రోడ్డు కూడా కనబడలేదు. కలలో తేలిపోతున్నట్టు కొండెక్కాం.

పైన కారు ఆపాను. "నా కారు ఎక్కడికీ పోదు పరదేశీ" అన్నాను, పెదవులు కనబడేలా అతనివైపు తిరిగి.

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. కారు కారుకీ టైమింగు ఎంతో, ప్లగ్గులో సందు ఎంతో ముందు పేజీల్లో ఉంది. వెనక పేజీల్లో, తనకి ఏ చప్పుడు ఏ రోజున వినపడ్డం మానేసిందో తేదీలతో రాసుకున్నాడు. వాల్వుల టికటిక, నవంబరు ఏడు. బెల్టు కీచు, జనవరి ఇరవై. బస్సు హారను, ఆగస్టు రెండు.

"సలేస్తంది మావా, ఎల్దాం" అంది నూకరత్నం.

అతను ఆమె పెదవుల వైపు చూశాడు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"అన్నీ రాసుకున్నానే రత్నం" అన్నాడు. "నీ గొంతు ఏ రోజు పోయిందో రాసుకోనేదు."