వాగు దాటని బాట

మాది మణుగూరు. నాన్న బొగ్గు గనిలో పనిచేసేవారు. ఆదివారం చర్చి తప్పని ఇల్లు మాది. దయ్యాలు, గాలి సోకడాలు, దిష్టి వంటివి మా ఇంట్లో మాటవరసకు కూడా వచ్చేవి కావు. పైగా నేను చదివింది ప్రజారోగ్యం. ఏ విషయానికైనా కారణం వెతకడం, లెక్క చూడడం నాకు అలవాటు. ఇది రాసేముందు చాలా కారణాలు వెతికాను. ఒక్కటీ నిలబడలేదు.

యూనివర్సిటీలో రెండో సంవత్సరం ప్రాజెక్టు కోసం నేను ఎంచుకున్న విషయం ఇది: అడవి గూడేల్లో గర్భిణులు ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం ఎక్కడెక్కడ జరుగుతోంది? దానికోసం పినపాక అవతల గూడేలు తిరిగాను. నాతో సమ్మక్క వచ్చేది. ఆమె అక్కడి ఆశా కార్యకర్త. నలభై దాటిన మనిషి. పదకొండేళ్లుగా ఆ బాటల వెంట మందులు మోస్తున్న మనిషి.

అది ఫిబ్రవరి. మిరపకాయ ఏరే రోజులు. పొద్దున పదిన్నరకు ఒక గూడెం చేరేసరికి అందరూ కూలికి వెళ్లిపోయారు. చివరి ఇంట్లో మాత్రం రజిత అనే ఎనిమిదో నెల గర్భిణి, ఆమె అత్త కన్నమ్మ ఉన్నారు.

రజిత మొహం ఉబ్బి ఉంది. తల పగిలిపోతోందనీ, కళ్లముందు మెరుపులు వస్తున్నాయనీ చెప్పింది. బీపీ చూశాను. నూట డెబ్బై, నూట పది. మిషన్ తప్పేమోనని మళ్లీ చూశాను. అంతే వచ్చింది.

అది ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. తారురోడ్డు మీదికి వెళ్తేనే అందుతుంది. అరగంట నడక.

సమ్మక్కను రజిత దగ్గరే ఉండమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఒక్కదానివే పోతే బాట తెలవదు మేడమ్. నేనొస్త. జల్దీ పోయి ఫోన్ చేసి మళ్లొద్దాం" అంది.

కన్నమ్మకు జాగ్రత్తలు చెప్పి బయల్దేరాం. ఫోన్‌లో పదకొండు ఇరవై అయింది.

బాట ఒక్కటే. చీలికలు లేవు. కొంతదూరం పోయాక ఎండిన వాగు వస్తుంది, అది దాటితే ఎదురుగా రోడ్డు. టేకు ఆకులన్నీ రాలిపోయి అడవి పలచగా ఉంది. వాగు ఇసుకలో దిగి అవతలి గట్టు ఎక్కాం. ముందువైపు నుంచి లారీల చప్పుడు వినిపిస్తోంది. ఇంక అయిదు నిమిషాలే అనుకున్నాను.

పది నిమిషాలు నడిచాక మళ్లీ వాగు వచ్చింది.

ఇసుకలో అడుగుల గుర్తులున్నాయి. ఒకటి నా బూటుది. మడమ దగ్గర అరిగిన చోటుతో సహా.

"ఇదేంది? ఇది దాటినం గదా?" అంది సమ్మక్క. మళ్లీ దాటాం. ఈసారి లారీల చప్పుడు వైపే చూస్తూ, బాట వదిలి అడ్డంగా నడిచాం. చప్పుడు ఎప్పుడూ అంతే దూరంలో ఉంది. దగ్గరవ్వదు, దూరం కాదు. మళ్లీ వాగు. ఇసుకలో ఇప్పుడు మేం రెండుసార్లు దాటిన గుర్తులు.

మూడోసారి సమ్మక్క తన రుమాలు చించి గట్టుమీద కొమ్మకు కట్టింది. నాలుగోసారి ఆ పేలిక మా ఎదురుగానే ఉంది.

వెనక్కి, గూడేనికి పోదామని తిరిగాం. అప్పుడూ వాగే వచ్చింది.

పట్టపగలు. ఎండ చురుక్కుమంటోంది. చెట్ల మధ్య ఎంతో దూరం కనిపిస్తోంది. అయినా గదిలో పెట్టి గడియ వేసినట్టు నాకు ఊపిరాడలేదు. నా ప్రాజెక్టు కాగితాల్లో ప్రతి ఇంటికీ 'ఆలస్యానికి కారణం' అని ఒక ప్రశ్న ఉంది. ఇవాళ ఆ కారణం నేనే అనిపించి ఏడుపొచ్చింది.

సమ్మక్క ఇసుకలో కూలబడి చెప్పులు విప్పింది.

"మరులుతీగ తొక్కితే గిట్లనే తిప్పుతదని మా అవ్వ చెప్పేది. నేను నవ్వేదాన్ని. ఆ పిల్లకేమన్న అయితే ఊరోళ్లకు నా మొహమెట్ల చూపాలె?"

నేను మోకాళ్లమీద కూర్చుని ప్రార్థన చేశాను. మాటలు రాలేదు. మనసులో ఒక్కటే తిరిగింది. నేను బయటికి పోలేను, ఆమెనన్నా పోనీ. సమ్మక్కకు అది వినపడే అవకాశం లేదు. పెదవి కూడా కదపలేదు.

మళ్లీ లేచి నడిచాం. ఎన్నోసారో గుర్తులేదు, వాగు దాటిన అయిదు నిమిషాలకు రోడ్డు వచ్చేసింది. అప్పటికి రెండుంబావు. పాదాలకు బొబ్బలెక్కాయి.

సిగ్నల్ రాగానే అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. గూడెం పేరు చెప్పగానే అవతలి అమ్మాయి అంది: "ఆ కేసు ఆసుపత్రికి చేరింది మేడమ్. ఇందాక మీరే ఫోన్ చేశారు కదా?"

ఆటో పట్టుకుని ఆసుపత్రికి పోయాం. రజితకు ఇంజెక్షన్ ఇచ్చి లోపల పెట్టారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, చాలా చిన్నది. ఇద్దరూ బతికారు.

మేం చేరేసరికి అంబులెన్స్ డ్రైవర్ బయటే ఉన్నాడు. ఎవరు ఫోన్ చేశారని అడిగాను. నన్ను వింతగా చూశాడు.

"మీ గొంతే మేడమ్. నేను తిరిగి చేస్తే మీరే ఎత్తిన్రు. వాగు దిక్కు రావద్దు, ఎనక బండ్ల బాటకు రమ్మన్నరు. బీపీ గూడ చెప్పిన్రు, నూట డెబ్బై అని."

తన ఫోన్ చూపించాడు. అందులో నా నంబరే ఉంది. పన్నెండు గంటల అయిదు నిమిషాలకు, రెండు నిమిషాల మాట. నా ఫోన్‌లో ఆ కాల్ లేదు. ఆ సమయానికి నేను సమ్మక్క పక్కన, ఇసుకలో ఉన్నాను. వెనక బండ్ల బాట ఒకటుందని నాకు ఆ రోజుదాకా తెలియదు.

వరండాలో కూర్చున్న కన్నమ్మ నన్ను చూసి లేచింది. "బండి ఎక్కకుండ ఏడికి పోయినవ్ బిడ్డా? గంతసేపు పిల్ల చెయ్యి పట్టుకొని కూసుంటివి, ఎక్కించి మాయమైతివి."

సమ్మక్క నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "ఈమె నాతోనే ఉన్నది పెద్దమ్మా, వాగుల" అంది. కన్నమ్మ నవ్వింది, మేం పరాచికాలాడుతున్నామని.

ఆ ఇంటి సమాచారం ప్రాజెక్టులో పెట్టలేదు. ఎందుకు తీసేశావని గైడ్ అడిగితే వివరాలు సరిగా లేవన్నాను.

నెల తర్వాత రజితను చూడ్డానికి వెళ్లాను, బండ్ల బాట మీదుగా. బిడ్డ కాస్త ఒళ్లు చేసింది. ఆ రోజు నీ దగ్గర కూర్చున్నప్పుడు నేనేమన్నానని అడిగాను.

రజిత బిడ్డను ఒళ్లో సర్దుకుంది.

"ఎక్కువ మాట్లాడలే అక్కా. చేతులు మస్తు సల్లగున్నయి. బండి ఎక్కేటప్పుడు మాత్రం అన్నవ్. 'నేను బయటికి పోలేను, నువ్వన్న పో' అన్నవ్."

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.