మాధవధార మెట్లకు పసుపు

నేను ఆసుపత్రి నుంచి నా కాళ్ల మీద నడిచి వస్తే, సింహాచలం గుడికి వెళ్లే దారిలోని మాధవధార కొండమెట్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెడతానని మా ఆవిడ సుభద్ర మొక్కుకుంది. స్టీల్ ప్లాంటు ఫర్నేస్ దగ్గర వేడికి కళ్లు తిరిగి పడ్డవాణ్ణి, నడిచే వచ్చాను. సోమవారం నుంచి మళ్లీ డ్యూటీ. ఈలోగా మొక్కు తీరకపోతే నిద్రపట్టదంది. తొంభై ఎనిమిది మే నెల, ఆదివారం ఉదయం ఐదున్నరకు గాజువాకలో బస్సెక్కాం. ఎన్ఏడీ జంక్షన్లో దిగి మాధవధారకు ఆటో. వెళ్లదలచినవాళ్లు ఇంకా ముందే బయల్దేరండి, ఏడు దాటితే ఎండకు ఆగలేరు.

కొండ అడుగున ఆ వేసవిలోనూ ధార పడుతూనే ఉంది. కాళ్లు కడుక్కుని మొదలుపెట్టాం. సుభద్ర వంగి పసుపు రాస్తుంది, బొట్టు పెడుతుంది, లేస్తుంది, మళ్లీ వంగుతుంది. వెనక నేను, నీళ్ల సీసా, పులిహోర డబ్బా. దేవుడి మీద నాకు పెద్ద పట్టింపు లేదు. ఉన్న పట్టింపల్లా నీడ మీదే. చెట్టు కనిపిస్తే చాలు, కూలబడుతున్నాను.

సగం ఎక్కకముందే ఆమెకు నడుము పట్టేసింది. మెట్టు మీద చెయ్యి ఆనించి లేవలేకపోయింది.

"దిగిపోదాం. మిగతావి ఇంకోసారి పెడుదువుగాని" అన్నాను.

"సగంలో వదిలేసి, రేపు మిమ్మల్ని ఆ మంట దగ్గరికి ఎలా పంపమంటారు?" అంది ఏడుపు ఆపుకుంటూ.

ఫర్నేస్ దగ్గర మాకో అలవాటుంది. వేడి ముందున్నవాడు ఒకడుగు వెనక్కి వేస్తే, పక్కవాడు ఏమీ అడక్కుండా పని అందుకుంటాడు. నేనూ ఏమీ అనకుండా పసుపు గిన్నె తీసుకుని తర్వాతి మెట్టు ముందు వంగాను.

"మొక్కు నాదండీ" అంది కంగారుగా.

నెత్తిన పనసకాయతో దిగుతున్న ముసలమ్మ ఆగింది. "మొక్కు నీదే గానీ, పేనం ఆయనది కదమ్మా. రాయనీ, ఏటౌతాది?" అని తన దారిన పోయింది.

ఆమె నడుము కాస్త సర్దుకున్నాక అక్కణ్ణుంచి వంతులేసుకున్నాం. నాకు ఊపిరి అందలేదు. చెమటతో కలిసి పసుపు మోచేతుల దాకా కారింది. పైకి చేరి వెనక్కి తిరిగితే ఊరంతా, రేవులో ఓడలు, దూరంగా మా ప్లాంటు పొగ సన్నగా. ఏళ్ల తరబడి దాని కింద పనిచేశాను, పైనుంచి ఎప్పుడూ చూడలేదు. ఎక్కణ్ణుంచో సంపెంగ వాసన. బతికే ఉన్నానన్న సంగతి అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యం వేసింది. పక్కన సుభద్ర పులిహోర డబ్బా మూత రాక తిట్టుకుంటోంది. ఈ మనిషి లేకపోతే ఏమైపోయేవాణ్ణో అనిపించి కళ్లు చెమర్చాయి.

అవతలివైపు దిగి సింహాచలం గుడి చేరేసరికి పదకొండు. క్యూలో ఇంకో రెండు గంటలు. తిరుగు బస్సులో సీటు దొరకడమే ఆ రోజు నాకు కనిపించిన మహిమ. ఆ దారి బాగుంటుంది, కానీ ఒంటరిగా వెళ్లకండి. అలసిపోయినప్పుడు గిన్నె అందుకునే మనిషి ఒకరు ఉండాలి.

"థాంక్స్ సుభద్రా" అన్నాను. మా ఇళ్లల్లో మొగుడూ పెళ్లాం అనుకునే మాట కాదది.

ఆమె నా భుజం మీద వాలి ఉంది. కళ్లు తెరవలేదు.

"ఇంకోసారి మొక్కుకునే ఓపిక నాకు లేదండీ" అంది. "మళ్లీ పడకండి."