అల్లుడి కూరలో పడ్డ నా మందు

సుమాక్ అంటే ఇప్పుడు కబాబుల మీద చల్లే ఎర్రటి పుల్లటి పొడి అని చాలామందికి తెలుసు. తింటూ లొట్టలు వేస్తారు. నాకు మాత్రం ఆ పేరు వింటేనే ఒళ్లు మండుతుంది.

అరవైల్లో తొలి కాన్పుకు బోధన్ పక్కనున్న పుట్టింటికి వచ్చాను. చెరకు బండ్లు ఫ్యాక్టరీకి బారులు తీరే రోజులు. కొడుకు పుట్టాడు. పురుడు తీరకముందే నాకు విరేచనాలు పట్టుకున్నాయి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. పాలు తగ్గిపోయి, పిల్లాడు రొమ్ము వదిలేసి గుక్కపట్టి ఏడ్చేవాడు. అయినా మా అవ్వ, నన్ను కన్నతల్లే, పథ్యం సడలించలేదు. బాలింత నీళ్లు తాగితే ఒళ్లు ఉబ్బుతుందట, పులుపు తింటే పాలు విరుగుతాయట. అన్నంలో వెల్లుల్లి కారం పెట్టి, తాగడానికి గుక్కెడు కాచిన నీళ్లు పోసేది. ఇంకాసిని అడిగితే కసిరేది.

మా నాన్న, బాపు, భయపడి నిజామాబాద్ పోయి యునానీ మందులిచ్చే హకీంను కలిశాడు. ఆయన విరేచనాలు కట్టడానికి సుమాక్ పొడి పొట్లం కట్టిచ్చి, అన్నం మీద చల్లి పెట్టమన్నాడు. నీళ్లు అడిగినన్ని తాగించమన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తమ ఇళ్లల్లో దీన్ని మాంసంలో కూడా వేసుకుంటామని, భలే రుచి అని చెప్పి పంపాడు. బాపు ఇంటికొచ్చి ఆ రుచి ముచ్చటే ముందు చెప్పాడు. అవ్వ వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది.

"ఓయమ్మో, గింత పులుపా! పచ్చి బాలింతకు ఎవలన్న పెడ్తరా?"

"హకీం సాబ్ చెప్పిండే" అన్నాడు బాపు.

"హకీం సాబ్ ఎన్నడన్న కన్నడా?"

పొట్లం వంటింట్లోకి పోయింది. చెరకు కాటా దగ్గర తూకం తేడా వస్తే ఊరంతా వినపడేలా కొట్లాడే బాపు, కూతురి మందు కోసం రెండో మాట మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నేను నీరసించిపోతుండగానే కొడుకును చూడడానికి మా ఆయన వచ్చాడు. ఇంట్లో మాంసం వండారు. తలుపు చాటున పడుకుని ఆ వాసన పీలుస్తున్నాను. బయట నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"కూర మస్తుంది అత్తమ్మా. చింతపండు తీరు లేదు, ఏం పులుపేసిండ్రు?"

"హకీం ఇచ్చిన పొడి అల్లుడా. అది తినదాయె, పారబోస్తమా? ఇంకింత ఏసుకో."

నా మందు! నేను తినకూడని పులుపు అల్లుడి కంచంలోకి పోయింది. నేను "తినను" అన్నదెప్పుడు? ఎవరు అడిగారు నన్ను?

గోడ పట్టుకుని లేచాను. పురుడు వెళ్లని మనిషి గడప దాటకూడదు, వంటింట్లో కుండ ముట్టకూడదు. రెండూ చేశాను. నీళ్ల కడవలో చెంబు ముంచి, నిలబడే తాగాను. మెడ మీదుగా కారి రవిక తడిసినా ఆపలేదు. మళ్లీ ముంచాను. మా ఆయన ముద్ద పట్టుకుని అలాగే చూశాడు. బాపు తల దించుకుని తింటూనే ఉన్నాడు.

అవ్వ పరుగెత్తుకొచ్చి చెంబు లాక్కోబోయింది.

"ఇల్లంత మైల జేసినవ్ గదనే! సస్తవే, బుద్ధి లేదా?"

"తాగకుంటే సస్త గని, తాగితే సస్తనా?" అన్నాను.

అవ్వ చేయి చెంబు మీదే ఉండిపోయింది. గొంతు మాత్రం తగ్గింది.

"నువ్వు పుట్టినప్పుడు గిట్లనే నాలిక పిడసగట్టింది. నాకెవలిచ్చిండ్రే నీళ్లు?"

ఆ మాటకు జాలి పడాల్సింది. నాకు ఇంకా కోపమొచ్చింది. దాహమంటే ఏమిటో తెలిసి కూడా నా నోరు ఎండగట్టిందా? వేరే ఎవరైనా అయితే తెలియక చేశారనుకునేదాన్ని.

"నీకియ్యలేదని నాకు గూడ ఇయ్యవా?" అని అడిగాను.

 అవ్వ చెంబు వదిలేసింది.